గంటా పది నిమిషాల దూరం

మా అన్న ఒక గంటకు మించి కూర్చోలేడు. గంట దాటితే నడుము కొయ్యబారిపోతుంది. ఇంకొంతసేపు పళ్లు బిగబట్టుకుని ఓర్చుకుంటాడు, ఆ తర్వాత ఎవరో ఒకరు లేపి పక్కకు ఒరిగించి పడుకోబెట్టాల్సిందే. అందుకని మా ఇంట్లో ఏ ఊరి మాట వచ్చినా, అక్కడికి ఎన్ని గంటలు కూర్చోవాలన్నదే మొదటి ప్రశ్న. చుట్టాల పెళ్లిళ్లకు, చావులకు కూడా ఆ లెక్క ప్రకారమే పోయేవాడు, లేదా ఆగిపోయేవాడు.

దేవరకొండ తోవలో, గుట్టల కింద మా ఊరు. నల్లగొండ జిల్లాలో ఆ పక్క ఊళ్ల బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఉందని ఇప్పుడు అందరికీ తెలుసు. మా చిన్నతనంలో తెలియదు. తెలిసినవాళ్లు మాకు చెప్పలేదు. నీళ్లు తేటగానే ఉండేవి, దాహమూ తీరేది. మొదట అన్న పళ్లు పచ్చబడ్డాయి. పెళ్లయ్యే నాటికి మోకాళ్లు పూర్తిగా చాపలేకపోయేవాడు, పూర్తిగా ముడవనూ లేకపోయేవాడు. బిడ్డ పుట్టాక మెడ బిగుసుకుపోయింది. పక్కన ఎవరైనా పిలిస్తే మనిషి మొత్తం తిరగాలి.

నేను అతని చెల్లెలిని, ఒకే తల్లి కడుపున పుట్టినదాన్ని. కానీ నా ఎముకలు తిన్నగా ఉన్నాయి. నాకు ఊహ తెలిసేలోపే నన్ను నాగార్జునసాగర్ డ్యాం పక్కన నందికొండలో ఉన్న మా చిన్నమ్మ సాదుకుంటానని తీసుకుపోయింది. చిన్నాయన కాలువల ఆఫీసులో పనిచేసేవాడు. నేను కృష్ణ నీళ్లు తాగి పెరిగాను. ఇంటికి పెద్ద కొడుకని, ఎడ్ల వెంట నడవాలని అన్నను ఊళ్లోనే ఉంచుకున్నారు. మా ఇద్దరికీ తేడా అంతే. ఆ మాట తలచుకున్నప్పుడల్లా నాకు ఏడుపు రాదు, ఒళ్లు మండుతుంది.

అన్న దేనికీ చేయి చాచి కూర్చోలేదు. ఊళ్లో పాలకేంద్రం నడుపుతాడు. గోడకు చేరగిలబడి నిలబడే పాలు కొలుస్తాడు. వదిన బర్రెలను చూసుకుంటుంది. వాళ్ల ఒక్కగానొక్క బిడ్డ ఆ బర్రెల మధ్య పెరిగి పశువుల డాక్టరు చదివింది. తెలంగాణ రాష్ట్రం వచ్చిన కొన్నేళ్లకు పైచదువు కోసం తిరుపతి పోయింది. చదువు పూర్తయి పట్టా ఇచ్చే రోజు వచ్చింది. తన బ్యాచిలో తనకే మెడల్ వస్తోందని చెప్పి, నాకు ఫోన్ చేసి ఒక్కటే కోరింది.

"అత్తా, ఎట్లజేసి అయినా బాపును తోలుకరావాలె."

రైలు వీలుకాదు. బెర్తు మీద మోకాళ్లు చాపలేడు, ఒక పక్క నుంచి ఇంకో పక్కకు తిరగాలంటే మనిషి సాయం కావాలి, రైలు బాత్రూంలో నిలబడలేడు. బస్సు అసలే వద్దు. నేను ఫోనులో వెతికాను. హైదరాబాదు విమానాశ్రయం నుంచి తిరుపతి విమానాశ్రయానికి ఎంత దూరం, ఎంతసేపు అని అడిగితే క్షణంలో చెప్పింది. గాలిలో నాలుగు వందల చిల్లర కిలోమీటర్లు, గంటా పది నిమిషాలు. అన్నకు ఆ అంకెలు చూపించాను. అతను గోడకు ఆనుకుని వేళ్ల మీద లెక్క వేసుకున్నాడు.

"గంటా పది అయితే కూసుంట చెల్లె," అన్నాడు.

ఆ పేజీ రాసినవాళ్లెవరో నాకు తెలియదు. కానీ వాళ్ల మీద నాకు ఇప్పటికీ కోపమే. ఇంటి గడప నుంచి విమానం మెట్టు దాకా ఉన్న దూరాన్ని వాళ్లు ఎక్కడా రాయలేదు. విమానాశ్రయాల మధ్య గాలి తప్ప మనుషులు లేరన్నట్టు ఉంటుంది ఆ లెక్క.

టికెట్టు తీసుకునేటప్పుడే చక్రాల కుర్చీ కావాలని నమోదు చేశాను. అది చాలదేమోనని ఫోన్ చేసి అన్న పరిస్థితి అంతా వివరంగా చెప్పాను. అటువైపు నుంచి ఒక అమ్మాయి ఎంతో మర్యాదగా విని, అన్నీ రాసుకున్నామని, మీరు ఏ దిగులూ పెట్టుకోవద్దని చెప్పింది. ఊళ్లో మాత్రం విమానంలో తిరుపతి పోతున్నాడంటే ఏదో పెద్ద మొక్కే అనుకున్నారు. పాలకేంద్రం దగ్గర ప్రతి ఒక్కరూ ఏం మొక్కు అని అడిగేవారు. మొక్కు లేదు, బిడ్డ ఉంది అని చెప్పేవాడు అన్న. ఒక బర్రె ఈనే రోజులు కావడంతో వదిన రాలేకపోయింది. నువ్వు చూస్తే నేను చూసినట్టే అని, అన్నకు తెల్ల అంగీ ఇస్త్రీ చేసి ఇచ్చింది.

కారు మాట్లాడుకుని పొద్దున్నే బయలుదేరాం. వెనక సీటులో అన్నను పక్కకు ఒరిగించి పడుకోబెట్టాను. మాల్ అనే ఊరి దగ్గర ఒకసారి ఆపి, దింపి, కాసేపు నిలబెట్టాం. ఆ రోడ్డు వెంటే కృష్ణ నీళ్లను పట్నానికి మోసుకుపోయే పెద్ద పైపులు ఉంటాయి. అవి వేసిన కొత్తలో జాయింట్ల దగ్గర కారే నీళ్ల కోసం మా వదిన బిందె పట్టుకుని వచ్చేది. కాపలావాళ్లు వెళ్లగొట్టేవాళ్లు. అన్న పైపుల వైపు వీపు పెట్టి నిలబడ్డాడు. అది కావాలని చేశాడో, ఎండ ముఖాన కొడుతోందని చేశాడో నాకు తెలియదు.

శంషాబాదులో చక్రాల కుర్చీ వచ్చింది. అన్న కాళ్లు ఆ కుర్చీకి ఒదగలేదు. కాళ్లు పెట్టుకునే రేకులు ఊడదీసి, కాళ్లు ముందుకు చాచి, ఎట్లాగో కూర్చోబెట్టాం. కౌంటరులో ఉన్న అమ్మాయి అన్నను ఒకసారి, కంప్యూటరును ఒకసారి చూసి, లోపల్నించి టై కట్టుకున్న ఒకాయనను పిలుచుకొచ్చింది. ఆయన అన్న పక్కన నిలబడి, అన్న తల మీదుగా నన్ను అడిగాడు.

"మేడం, పేషెంటుకి ఏమైంది?"

పేషెంటు కాదని చెప్పాను. ఈ ఎముకల తీరు ఇరవై ఏళ్లుగా ఇంతేనని, జ్వరం లేదని, గుండె జబ్బు లేదని, బిడ్డ పట్టా తీసుకుంటుంటే చూడటానికి పోతున్నాడని చెప్పాను. ఆయన విన్నాడు, విని తల ఊపాడు. విమానం ఎక్కడానికి పనికొస్తాడని డాక్టరు కాగితం ఉందా అని అడిగాడు. ఫోన్ చేసినప్పుడు ఆ మాట ఎవరూ చెప్పలేదన్నాను. ఫోన్ చేసినట్టు తన దగ్గర ఏమీ కనపడటం లేదన్నాడు. కాళ్లు సీటు లోపలికి ముడుచుకోవాలని, ఏదైనా జరిగితే ఇలాంటివాళ్లతో మిగతా ప్రయాణికులకు ఇబ్బంది అని చెప్పుకుంటూ పోయాడు. ఇలాంటివాళ్లంటే ఎలాంటివాళ్లని నేను అడిగాను. నా గొంతు పెరిగింది. వెనక వరసలో ఉన్నవాళ్లు గడియారాలు చూసుకోవడం మొదలుపెట్టారు.

అప్పుడు అన్న మాట్లాడాడు. మెడ తిప్పలేడు కాబట్టి ఎదురుగా ఉన్న గోడను చూస్తూనే అన్నాడు.

"సారూ, గామెను గాదు, నన్నడుగు. కాళ్లు నావి, నడుము నాది. నేను జెప్త గద."

ఆయన మళ్లీ నా వైపే తిరిగి, "మేడం, లోపల డాక్టరు ఉన్నారు, చూపించుకుని రండి" అన్నాడు. నా జీవితంలో నేను చాలా అవమానాలు చూశాను. ఆడదాన్నని బడిలో పడ్డవి ఉన్నాయి, పల్లె మాట అని కోస్తా వాళ్లు నవ్వినవి ఉన్నాయి. కానీ ఎదురుగా ఉన్న మనిషి నోరు తెరిచి మాట్లాడినా, అది కుర్చీ మాట్లాడినట్టు తీసిపారేయడం మాత్రం ఆ రోజే చూశాను.

డాక్టరు చిన్న పిల్ల. మాది నల్లగొండ జిల్లా, దేవరకొండ పక్క అనగానే జబ్బేమిటని ఇంక అడగలేదు. నాడి చూసి, బీపీ చూసి, ఆయన మామూలుగా ప్రయాణం చేయవచ్చని రాసి ఇచ్చింది. అన్ననే అడిగింది, ఎంతసేపు కూర్చోగలరు, ఎక్కడ నొప్పి అని. ఆ కాస్తకే నా కళ్లు చెమర్చాయి. ఒక మనిషి ఇంకో మనిషిని పలకరించడం కూడా పెద్ద ఉపకారంలాగా అనిపించే చోటికి వచ్చామే అని మళ్లీ కోపం వచ్చింది.

కాగితం పట్టుకుని పరుగున వస్తే కౌంటరు మూసేశారు. విమానం ఇంకా కదల్లేదు. కానీ టైము దాటింది, ఏమీ చేయలేమన్నారు. టై కట్టుకున్నాయన సాయంత్రం ఇంకో విమానం ఉందని, అందులో సీట్లు ఉండటం మా అదృష్టమని చెప్పాడు. వాళ్లు అడిగిన కాగితం కోసం పోయి, వాళ్లు మూసేసిన కౌంటరు ముందు నిలబడితే, అది మా అదృష్టమట.

సాయంత్రం దాకా ఎట్లా? అన్న అప్పటికే కుర్చీలో గంటకు పైగా ఉన్నాడు. పెదవులు తెల్లబడ్డాయి. పడుకోవడానికి ఏదైనా గది చూపించమని అడిగాను. డాక్టరు గదిలో ఉన్న మంచం అత్యవసరానికి మాత్రమే అన్నారు. కాళ్లు చాచుకునే సోఫాలు ఉన్నాయి కానీ అవి వేరే టికెట్టు వాళ్లకు. అంత పెద్ద భవనంలో, అద్దాల్లో మన ముఖం మనకు కనపడే అంత శుభ్రమైన జాగాలో, నడుము వాల్చడానికి ఒక చెక్క బల్ల లేదు. దుకాణాలు మాత్రం ఎటు చూసినా ఉన్నాయి.

నేను బ్యాగులో ఉన్న దుప్పటి తీసి ఒక స్తంభం పక్కన నేల మీద పరిచాను. చక్రాల కుర్చీ తోసే మనిషీ నేనూ కలిసి అన్నను మెల్లగా దింపి పక్కకు పడుకోబెట్టాం. అతను కళ్లు మూసుకుని పెద్దగా ఊపిరి వదిలాడు. అది చూసి నేను ఇంకా పక్కన కూర్చోకముందే, సెక్యూరిటీ అతను వచ్చి ఇక్కడ పడుకోగూడదని హిందీలో చెప్పాడు. ఎందుకు అని అడిగాను. చూడటానికి బాగుండదన్నాడు. నేను కూడా దుప్పటి మీద కూర్చున్నాను. లేపాలంటే ఇద్దరినీ ఎత్తి తీసుకుపొమ్మన్నాను. అతను వైర్లెస్సులో ఎవరితోనో మాట్లాడుతూ కాసేపు నిలబడ్డాడు. అటునుంచి ఏం చెప్పారో కానీ, ఇంకొంచెం స్తంభం వెనక్కు జరగమని మాత్రం చెప్పి పోయాడు.

మా పక్క కుర్చీలో ఒకావిడ తన పాపను దగ్గరికి లాక్కుని, ఇది అంటుకునే జబ్బా అని నన్ను గుసగుసగా అడిగింది. నేను గుసగుసగా చెప్పలేదు. ఇది నీళ్ల వల్ల వచ్చిందని, మీ ఇంటి నల్లాలో వచ్చే నీళ్లు మా ఊరి పక్క నుంచే పోతాయని, అవి మాకు అందక మా అన్న బోరు నీళ్లు తాగాడని, చుట్టుపక్కల వాళ్లందరికీ వినపడేలా చెప్పాను. ఆవిడ చేసిన తప్పు ఏమీ లేదు. కానీ ఎవరో ఒకరికి చెప్పాలి కదా. అన్న కళ్లు తెరవకుండానే నా చీర కొంగు పట్టి లాగాడు.

"జర చిన్నగ చెల్లె. బిడ్డ పండుగకు వోతున్నం, కొట్లాటకు గాదు."

అతని నెమ్మదితనం నాకు చిన్నప్పటి నుంచీ అర్థం కాదు. అతని వంతు కోపం కూడా నేనే పడుతున్నానా అనిపిస్తుంది.

సాయంత్రం విమానం చిన్నది, పంకాలు తిరిగేది. మెట్లెక్కి పోవాలి. కుర్చీని పైకెత్తే బండి వేరే చోట ఉందట. ఇద్దరు మనుషులు వచ్చి, అన్నను ఏమీ అడగకుండానే సంకల కింద చేతులు పెట్టి ఎత్తబోయారు. అతను అరిచినంత పని చేశాడు. ఆ తర్వాత తనే వాళ్లకు ఎట్లా పట్టుకోవాలో, ఎక్కడ చెయ్యి వెయ్యాలో మెల్లగా చెప్పాడు. వాళ్లు మంచివాళ్లే. ఒకతను కొల్లాపూర్ పక్కవాడట. పైకి చేర్చాక పెద్దయ్యా నొప్పి పెట్టిందా అని అడిగిపోయాడు. అడగడం ఎవరూ వాళ్లకు నేర్పలేదు, అంతే.

తలుపు మూశాక విమానం కదలలేదు. ఎగరడానికి మా వరస రావాలని అక్కడే నిలబెట్టారు. ఫోనులో చూసిన గంటా పది నిమిషాల్లో ఇది లేదు. అన్న నుదుటి మీద చెమట పట్టింది. నేను తుడుస్తూ, ఇంకెంతసేపని రెండుసార్లు అడిగాను. రెండుసార్లూ విమానంలో పనిచేసే అమ్మాయి చిరునవ్వు నవ్వి, సీటు నిటారుగా ఉంచమని చెప్పింది.

పైకి లేచిన కొంతసేపటికి కిటికీలోంచి కింద నీళ్లు కనిపించాయి. వానలు బాగా పడ్డ ఏడాది అది. నల్లమల గుట్టల సందుల్లో శ్రీశైలం నీళ్లు చేతివేళ్లు చాపినట్టు ఎటు చూస్తే అటు పరుచుకుని ఉన్నాయి. అన్న పక్కనే ఉన్నాడు కానీ మెడ తిప్పలేడు. ఎదుటి సీటు వెనకభాగాన్నే చూస్తున్నాడు. నీళ్లు అన్నాను. ఎన్ని నీళ్లు అని అడిగాడు. నాకు కనపడ్డంత మేరా చెప్పాను. గుట్టల మధ్య ఉన్నాయని, మధ్యలో దీవులున్నాయని, చాలాసేపటి నుంచి అవే వస్తున్నాయని. అతను నొప్పితో ఉన్నాడు కదా, వింటున్నాడో లేదో అనుకున్నాను.

"గిన్ని నీళ్లు," అన్నాడు. "మన ఊరికి గింత దగ్గరుండె గద చెల్లె."

ఆ మాటకు ఎవరి దగ్గరైనా జవాబు ఉంటుందా అని అడగాలనిపించింది. విమానంలో అడగడానికి ఎవరున్నారు?

తిరుపతిలో దిగేసరికి అన్న నడుము పూర్తిగా బిగుసుకుపోయింది. మా మేనకోడలు గేటు దగ్గర ఎదురుచూస్తోంది. తండ్రిని చూడగానే ఏడుస్తుందేమో అనుకున్నాను. ఏడవలేదు. కారు వెనక సీటు ముందే పరుపుతో సర్ది ఉంచింది. నన్ను అవతలికి జరగమని, ఎక్కడ ఎట్లా పట్టుకోవాలో అలవాటైన చేతులతో తనే దించి పడుకోబెట్టింది. దారంతా అతని మోకాళ్లు పిసుకుతూ, వదిన గురించి, ఈనబోయే బర్రె గురించి అడిగింది.

మరునాడు పెద్ద హాలు నిండిపోయింది. అన్న కుర్చీలో కూర్చోనన్నాడు. చేతికర్ర ఊతంగా వెనక గోడకు ఆనుకుని నిలబడ్డాడు, పాలకేంద్రంలో నిలబడ్డట్టే. వాలంటీరు కుర్రాళ్లు వచ్చి కూర్చోమంటే, నిలబడితేనే నాకు బాగుంటదని చెప్పి పంపాడు. బిడ్డ పేరు పిలిచినప్పుడు అందరూ చప్పట్లు కొట్టారు. మోచేతులు కూడా బిగుసుకుపోయి రెండు అరచేతులూ కలవవు కాబట్టి అన్న చేతికర్రతో నేల మీద టకటకా కొట్టాడు. ముందు వరసవాళ్లు వెనక్కి తిరిగి చూశారు. చూడనీ అనుకున్నాను. అంతా అయ్యాక ఆ పిల్ల నల్ల గౌను విప్పి, ఉక్కపోస్తోందని తండ్రి భుజం మీద పడేసి, మెడల్ అతని అరచేతిలో పెట్టింది. అన్న దాన్ని కాసేపు బరువు చూశాడు.

"ఇది బంగారమేనా బిడ్డా?"

"కాదు బాపు, పైన పూత."

ఇద్దరూ నవ్వుకున్నారు. రెండు రోజుల్లో అన్న నవ్వడం అదే మొదలు.

తిరుగు ప్రయాణానికి విమానం ఎక్కనన్నాడు. గంట అయినా, పది గంటలైనా, ఎప్పుడు ఆగాలన్నది తన చేతుల్లో ఉండాలన్నాడు. కారు కిరాయికి మాట్లాడుకుని, మా మేనకోడలితో కలిసి ముగ్గురం బయలుదేరాం. గంటకోసారి ఆగాం. చింతచెట్ల కింద, పెట్రోలు బంకుల పక్కన, ఒక ఊళ్లో రచ్చకట్ట మీద చాప పరిచి పడుకున్నాడు. ఎక్కడా ఎవరూ లేవమనలేదు. ఒక ముసలమ్మ మజ్జిగ తెచ్చి ఇచ్చింది. రాత్రి ఒక ఊళ్లో ఆగి, మరునాడు ఇంటికి చేరాం. మా మేనకోడలికి ఆ ప్రయాణం ఇష్టమైంది. నాకు మాత్రం అందులో కూడా కోపమే మిగిలింది. అన్నకు విమానం వద్దనిపించేలా చేశారు కదా, అది వాళ్ల గెలుపే కదా అని.

కంపెనీకి ఫిర్యాదు రాశాను. మీ పేషెంటుకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నామని జవాబు వచ్చింది. పేషెంటు కాదని మళ్లీ రాశాను. మళ్లీ చింతించారు. నేను కూడా పట్టు వదల్లేదు. పైన ఉన్న అధికారులకు రాశాను. నెలలు గడిచాక ఒక ఆదివారం నేను ఊళ్లో ఉండగా ఫోన్ వచ్చింది. ఎవరో అబ్బాయి, గొంతు లేతగా ఉంది. మేడం, మీకు ఎలాంటి పరిష్కారం కావాలని అడిగాడు. ప్రయాణికుడు పక్కనే ఉన్నాడు, ఆయనతో మాట్లాడమని చెప్పి ఫోను అన్న చెవి దగ్గర పెట్టాను.

అన్న ముందు ఆ అబ్బాయిది ఏ ఊరని అడిగాడు. వాళ్ల అమ్మానాయినల బాగోగులు అడిగాడు. ఆ తర్వాత తన సంగతి చెప్పాడు.

"నాకేం ఇయ్యకుండ్రి బిడ్డా. నా అసొంటోడు ఇంకొకడు వస్తడు గద. ఆన్ని ఎట్ల ఎత్తాల్నో ఆన్నే అడుగుండ్రి. పండుకునేటందుకు జర జాగ చూపియ్యుండ్రి. గంతే."

ఆ అబ్బాయి తప్పకుండా పైవాళ్లకు చెబుతానన్నాడు. చెప్పాడో లేదో తెలియదు. కొన్నాళ్లకు నా పేరు మీద, నా పేరు మీద మాత్రమే, మరోసారి ప్రయాణం చేయడానికి ఏదో కూపన్ పంపారు. నేను దాన్ని వాడలేదు.

ఇప్పుడు మా ఊళ్లో ఇంటింటికీ నల్లా ఉంది. నీళ్లు మంచివే. వీధిలో ఆడుకునే పిల్లల పళ్లు తెల్లగా ఉన్నాయి. అది చూస్తే సంతోషమే. కానీ ఎముకలు వెనక్కు రావు. మా మేనకోడలికి మహబూబ్‌నగర్ పక్క పల్లెలో పశువుల దవాఖానలో ఉద్యోగం వచ్చింది. నేను షాద్‌నగర్‌లో సర్కారు బడిలో సోషల్ చెబుతాను. శంషాబాదులో దిగే విమానాలు మా బడి మీదుగానే పోతాయి. ఆ మోతకు కాసేపు పాఠం ఆపాల్సి వస్తుంది. రవాణా సాధనాల పాఠంలో, అన్నిటికన్నా వేగంగా గమ్యం చేర్చేది విమానం అని ఉంటుంది. పిల్లల చేత ఆ వాక్యం చదివించి, ఎవరిని చేరుస్తుంది, ఇంటి నుంచి విమానం దాకా ఎవరు చేరుస్తారు అని అడుగుతాను. పిల్లలు ఏవేవో చెబుతారు. ఆటో అంటారు, బస్సు అంటారు, ఒకడు అంబులెన్సు అంటాడు. బెల్లు కొట్టినా నేను ఆపను. పక్క క్లాసు టీచరు గుమ్మం దగ్గర నిలబడి, ఆ ఒక్క పాఠానికి రెండు పీరియడ్లు ఎందుకమ్మా అని విసుక్కుంటుంది.